డాక్టర్ ఎలియట్ జాస్లిన్ – ఒక వైద్యుని ఆవర్జా

మదనపల్లెకు చేరువనే ఉన్న ఆరోగ్యవరం పేరు ఈ సీమలో వినని వారుండరు. 1915లో అక్కడ క్షయరోగుల కొరకు ఒక శానిటోరియం వెలసినది. ఆ ఆసుపత్రి వైద్యులు తమ వద్దకు వచ్చిన రోగులకు మందులిచ్చి అంతటితో ఊరకుండలేదు. 1950 మొదలు 1955 వరకు చుట్టుపట్ల పల్లెలలో ఇల్లిల్లూ తిరిగి, ఏ ఊరిలో ఎందరికి క్షయ సోకినదో పట్టికలకెక్కించినారు. ఆ శ్రమ ఫలితం 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రకటితమైనది. మంచం మీది రోగిని పరీక్షించడం ఒక విద్య. ఊరంతటిలో రోగం ఎంత వ్యాపించి ఉన్నదో తెలుసుకోవడం మరొక విద్య. ఈ రెండవ విద్యకు మన ప్రాంతం కొత్తది కాదని చెప్పుటకే ఈ ముక్క ముందుగా చెప్పినాను.

ఆ విద్యను మధుమేహ విషయంలో, అందునా పసిపిల్లల మధుమేహ విషయంలో, విద్యార్థి దశలోనే ప్రారంభించి దాదాపు డెబ్బది ఏండ్లు విడువక సాగించిన మహనీయుడు అమెరికా దేశపు వైద్యుడు డాక్టర్ ఎలియట్ ప్రాక్టర్ జాస్లిన్. ఇన్సులిన్ కనుగొన్న బాంటింగు పేరు మన పాఠ్యపుస్తకాలలో ఉన్నది. జాస్లిన్ పేరు అంతగా వినబడదు. ఆయన ఏ మందునూ కనుగొనలేదు. ఆయన చేసినది లెక్క వ్రాయడం.

మన మండీ వ్యాపారుల వద్ద రెండు పుస్తకాలుంటాయి. ఏనాటి బేరం ఆనాడు వ్రాసుకొనేది చిట్టా. ఒక్కొక్క మనిషి పేరిట ఒక్కొక్క పుట తెరచి, అతని ఖాతా తీరేదాకా నడిపేది ఆవర్జా. (ఆవర్జా అన్న మాట పారసీకం నుండి వచ్చినదని మన ఉర్దూ శాఖ మిత్రులు వేరే చెప్పనక్కరలేదు.) ఆసుపత్రులలో సాధారణంగా ఉండేది చిట్టా మాత్రమే. ఫలానా తేదీన ఫలానా రోగి వచ్చినాడు, ఫలానా మందు ఇచ్చినాము, పంపినాము. ఆ తరువాత అతడేమైనాడో ఆ పుస్తకానికి అక్కరలేదు. జాస్లిన్ తన జీవితాన్నంతా ధారపోసినది ఆ చిట్టాను ఆవర్జాగా మార్చుటకే.

ఆయన 1869వ సంవత్సరం జూన్ 6వ తేదీన మసాచుసెట్స్ రాష్ట్రంలో ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న ఊరిలో జన్మించినారు. ఇంగ్లండులోని విద్యాపీఠం ఆక్స్‌ఫర్డ్ వేరు, ఈ ఆక్స్‌ఫర్డ్ వేరు. తండ్రికి పాదరక్షల కర్మాగారం ఉండేది. కలిగిన కుటుంబమే. అయినప్పటికీ ఆ ప్రాంతపు పాతకాలపు ప్యూరిటన్ క్రమశిక్షణ ఆయన రక్తంలో జీర్ణించినది. వేకువనే లేవడం, వృథా మాట లేకపోవడం, ప్రతి పైసాకూ ప్రతి గడియకూ జవాబుదారీ వహించడం చివరి వరకు ఆయన స్వభావం. 1890లో యేల్ విశ్వవిద్యాలయ పట్టం, 1895లో హార్వర్డ్ వైద్య పట్టం పొందినారు. పిమ్మట ఐరోపాకు పోయి, ఆనాడు మధుమేహ చికిత్సలో ప్రసిద్ధుడైన నౌనిన్ అనే ఆచార్యుని పద్ధతులను దగ్గర నుండి చూచివచ్చినారు.

హార్వర్డులో చదువుతున్న కాలంలోనే, 1893లో, మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ఒక పేద యువతిని ఆయన చూడటం తటస్థించినది. ఐర్లండు నుండి వలస వచ్చి ఇండ్లలో పనిచేసుకొని బ్రతికే పిల్ల. ఎంత తిన్నా చిక్కిపోవడం, తీరని దాహం, మూత్రంలో చక్కెర. చేయదగిన చికిత్స లేదు. జాస్లిన్ ఆమె వివరాలను వ్రాసి పెట్టుకొన్నారు. ఆయన ఆవర్జాలో మొదటి పుట అదే.

మధుమేహం కొత్త రోగమేమీ కాదు. మన సుశ్రుతుడు దానిని ఎరుగును, బుఖారా ప్రాంతపు ఇబ్నసీనా ఎరుగును. రోగి మూత్రం తీయగా ఉండునని ఇద్దరూ గ్రహించినారు. కాని ఒక నగరంలో, ఒక దేశంలో ఎందరికి ఉన్నది, ఏ వయసులో వచ్చును, వచ్చిన తరువాత ఎంతకాలం బ్రతుకుదురు అని అడిగిన వారు తక్కువ. చదువు ముగించిన కొలదికాలానికే జాస్లిన్ తన గురువు రెజినాల్డ్ ఫిట్జ్‌తో కలిసి ఒక విచిత్రమైన పనికి పూనుకొన్నారు. మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో 1824 నుండి 1898 వరకు, అనగా 74 ఏండ్ల పాటు పేరుకొనిన కేసు కాగితాలన్నిటినీ తిరగవేసినారు. సుమారు 48 వేల మంది రోగుల కాగితాలవి. వానిలో మధుమేహులుగా తేలినవారు 172 మంది మాత్రమే. బాలబాలికల సంఖ్య మరీ స్వల్పం.

ఇక్కడ నిలిచి ఆలోచింపవలసి ఉన్నది. 48 వేలకు 172 అన్నంత మాత్రాన ఆ నగరంలో మధుమేహం అరుదు అనవచ్చునా? మూత్రపరీక్ష జరిగితేనే కదా చక్కెర బయటపడేది. పరీక్ష జరగని వాని కాగితంలో నీరసమనో క్షీణతయనో ఉండిపోయి ఉంటుంది. పిల్లల సంగతి మరింత కష్టం. బాల్యంలో వచ్చే మధుమేహం వారాలలో ముదిరి స్పృహ తప్పించి తీసుకొనిపోయే రోగం. ఆసుపత్రి గడప తొక్కేలోపుననే ముగిసిన ప్రాణాలు ఏ కాగితానికి ఎక్కును? పిల్లలు ఆసుపత్రికి రాలేదని ఆ రికార్డులు చెప్పగలవు. పిల్లలకు ఆ రోగం లేదని చెప్పజాలవు. ఈ భేదం జాస్లిన్‌కు జీవితమంతా పనికివచ్చినది.

1898లో ఆయన బోస్టన్‌లో వైద్యవృత్తి ప్రారంభించినారు. మరుసటి ఏటనే ఆయన తల్లికి మధుమేహం ఉన్నట్లు తేలినది. కన్నతల్లి పేరు సైతం తక్కిన రోగుల వరుసలోనే, ఎనిమిదవ రోగిగా, అదే ఆవర్జాలోకి ఎక్కినది. ఆహార నియమంతో ఆమె పది సంవత్సరాలకు పైగా జీవించినది. పెద్ద వయసులో వచ్చిన మధుమేహానికి ఆహార నియమం ఎంత తోడ్పడునో ఇంటిలోనే చూచినారు. అదే నియమం పదేండ్ల పిల్లవానిని కాపాడలేకపోవడం ఆసుపత్రిలో చూచినారు. ఆ రోజులలో పదేండ్ల వయసున మధుమేహం వచ్చిన బిడ్డ ఇంచుమించు ఒక్క సంవత్సరం మాత్రమే బ్రతికేది.

1914 ప్రాంతంలో ఫ్రెడరిక్ ఆలెన్ అనే వైద్యుడు ఉపవాస చికిత్స తెచ్చినాడు. చక్కెర మూత్రంలో కనబడకుండా పోయేదాకా రోగిని పస్తుంచడం, తరువాత కొలిచి కొలిచి కొద్దికొద్దిగా పెట్టడం దాని పద్ధతి. జాస్లిన్ దానిని అవలంబించినారు. ఎముకల గూళ్లవలె మారిన పిల్లలు అన్నానికి ఏడుస్తుంటే తల్లులు తలుపులకు తాళాలు వేసుకొన్న కాలమది. ఆ చికిత్సలో క్రౌర్యం లేదని ఎవరూ అనరు. కాని దానివలన కొందరికి ఒకటి రెండు సంవత్సరాలు అదనంగా దొరికినవని ఆవర్జా చూపినది. 1922 వరకు ప్రాణం నిలుపుకొన్న వారికి ఆ రెండేండ్లే సర్వస్వమైనవి. 1916లో ఆయన తాను స్వయంగా చూచిన సుమారు వేయి మంది రోగుల వృత్తాంతాల ఆధారంగా మధుమేహ చికిత్సపై ఒక బృహద్గ్రంథం ప్రకటించినారు. రెండేండ్లకు, 1918లో, రోగులు కూడా చదువుకొనగల చిన్న పుస్తకం వ్రాసినారు. రోగికి తన రోగం గురించి వైద్యునితో సమానంగా తెలిసి ఉండాలన్నది ఆనాటికి వింత భావమే.

1921లో అమెరికన్ వైద్య సంఘ పత్రికలో ఆయన వ్రాసిన వ్యాసమొకటి నాకు ఆయన రచనలన్నిటిలోకీ విలువైనదిగా తోచును. ఒక ప్రశాంతమైన పల్లెలో ఒకే వీధిలో మూడు ఇండ్లు పక్కపక్కన ఉన్నవి. ఆ ఇండ్లలో ఒకరి తరువాత ఒకరుగా కాపురమున్న ఇంటి పెద్దలు ఏడుగురు. నలుగురు స్త్రీలు, ముగ్గురు పురుషులు. వారిలో ఒక్కరు తప్ప తక్కిన ఆరుగురూ మధుమేహంతోనే మరణించినారు. ఆ చావులకు కారణం విషజ్వరమో క్షయయో అయి ఉంటే ఆరోగ్యశాఖవారు పరుగున వచ్చి బావులను పరీక్షించి, ఇండ్లకు కాపలా పెట్టి, ఊరంతా గగ్గోలు చేసి ఉండేవారని, మధుమేహం కావడంవల్లనే ఎవరూ కన్నెత్తి చూడలేదని ఆయన బాధ. అంటురోగం కాని రోగాన్ని కూడా అంటురోగంవలె వీధివీధినా లెక్కింపవలెనని ప్రభుత్వాలకు చెప్పిన తొలివారిలో ఆయన ఒకరు.

ఆ సంవత్సరమే కెనడా దేశంలోని టొరాంటోలో బాంటింగు, బెస్టు, మెక్లియడ్, కాలిప్ అనేవారి కృషి ఫలించి ఇన్సులిన్ వెలుగుచూచినది. 1922 జనవరి 11వ తేదీన అక్కడ ఒక పదునాలుగేండ్ల బాలునికి తొలి సూది వేసినారు. ఆగస్టు 7వ తేదీన బోస్టన్‌లో జాస్లిన్ మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చినారు. పుచ్చుకొన్నది ఐదేండ్లుగా పస్తులతో ప్రాణాన్ని ఈడ్చుకొని వస్తున్న ఒక నర్సు. ఇంచుమించు అదే కాలంలో మన భీమవరం ప్రాంతపు యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ చేరి, జాస్లిన్ ఆచార్యుడుగా ఉన్న హార్వర్డ్ వైద్య విద్యాలయంలోనే జీవరసాయన పరిశోధనలో నిమగ్నుడైనాడన్నది తెలుగువారు తలచుకొనదగిన విషయం.

ఇన్సులిన్ వచ్చిన తరువాత చాలామంది వైద్యులు ఇక సమస్య తీరినదనుకొన్నారు. జాస్లిన్ అట్లనుకోలేదు. తన రోగులను కాలాన్ని బట్టి మూడు తరాలుగా విభజించినారు. 1914కు పూర్వం నౌనిన్ కాలం, 1914 నుండి 1922 వరకు ఆలెన్ కాలం, అటుపిమ్మట బాంటింగు కాలం. మొదటి కాలంలో మరణించినవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది మధుమేహపు స్పృహలేమితోనే పోయినారు. 1950 దశకం నాటికి అట్టి మరణాలు నూటికి ఒకటి రెండుకు దిగినవి. పదేండ్ల బిడ్డకు ఒకనాడు ఒక్క ఏడుగా ఉన్న ఆయుర్దాయం 1945 నాటికి 45 ఏండ్లుగా లెక్కకు వచ్చినది. ఈ అంకెలు గాలిలో పుట్టినవి కావు. ఊరు మారిన వారిని, వైద్యుని మార్చిన వారిని కూడా వెదకి, జాబులు వ్రాసి, బ్రతికి ఉన్నారా లేదా, లేకున్న ఏ కారణాన పోయినారు అని తెలుసుకొని ఆవర్జాలో ఎక్కించిన అంకెలు. మెట్రోపాలిటన్ జీవిత బీమా సంస్థకు చెందిన లూయీ డబ్లిన్, హెర్బర్ట్ మార్క్స్ అనే గణాంక నిపుణులు ఆయనకు చేదోడు వాదోడైనారు. చావుబ్రతుకుల లెక్క బీమావారికి తెలిసినట్లు వైద్యులకు తెలియదు గదా!

పిల్లల విభాగాన్ని 1924లో చేరిన డాక్టర్ ప్రిసిల్లా వైట్‌కు అప్పగించినారు. ఆమె 1932లో బాల్య మధుమేహంపై ప్రత్యేక గ్రంథం వెలువరించినది. అదే ఏట ఆక్స్‌ఫర్డ్ దగ్గర, రెడ్‌క్రాసు సేవకురాలు క్లారా బార్టన్ పుట్టిన ఇంటి ఆవరణలో, మధుమేహ బాలికల కొరకు వేసవి శిబిరం మొదలైనది. తమవంటి పిల్లలు ఇంకా ఉన్నారని ఆ బాలికలకు అక్కడనే మొదటిసారి తెలిసి ఉండవచ్చును. 1948లో బాలుర శిబిరం ఏర్పడినది. ఆహారం, ఇన్సులిన్, వ్యాయామం అనే మూడు గుర్రాలు పూన్చిన రథం ఆయనకు ఇష్టమైన ఉపమానం. దీర్ఘకాలం ఆ రథాన్ని తోలిన రోగులకు పతకాలిచ్చేవారు.

అయితే ఆవర్జా మంచిమాటలే చెప్పునని నియమం లేదు. ఇన్సులిన్ కాపాడిన పిల్లలు పెరిగి పెద్దవారై, పదునైదు ఇరువది ఏండ్లు గడిచేసరికి కొందరికి చూపు మందగించసాగినది. కొందరికి మూత్రపిండాలు దెబ్బతిన్నవి. పాతకాలంలో ఈ ఉపద్రవాలు పిల్లలలో లేవు. వచ్చునంతకాలం వారు బ్రతికి ఉంటే కదా! చక్కెరను కట్టుదిట్టంగా అదుపులో ఉంచుకొన్నవారికి ఈ బాధలు తక్కువని జాస్లిన్ వాదించినారు. అంత కఠిన నియమం అనవసరమని, పిల్లలను స్వేచ్ఛగా తిననివ్వవలెనని వాదించిన పెద్ద వైద్యులు అనేకులు. ఆ వివాదం ఆయన జీవితకాలంలో తీరలేదు. 1,441 మంది రోగులపై పలు సంవత్సరాలు జరిగిన గొప్ప పరీక్ష ఫలితాలు 1993లో వెలువడి, కన్ను, మూత్రపిండం, నరం, మూడింటి విషయంలోనూ ఆయన పక్షమే సరియైనదని తేల్చినవి. అప్పటికి ఆయన కాలధర్మం చెంది 31 ఏండ్లు.

ఆయనలో లోపాలు లేవని నా అభిప్రాయం కాదు. రోగిని చక్కగా నడచుకొన్నవాడు, నడచుకొననివాడు అని విభజించి చూచే ధోరణి ఆయనది. స్థూలకాయులను గూర్చి ఆయన మాటలలో ఉపాధ్యాయుని బెత్తం వినబడును. రోగం వచ్చినందుకే నొచ్చి ఉన్నవానిని మరల దోషిగా నిలబెట్టుట న్యాయం కాదు. అంతకన్న ముఖ్యమైన పరిమితి మరొకటి. బోస్టన్‌లో జాస్లిన్ గుమ్మం ఎక్కగలిగిన వారెవరు? రైలు ఖర్చు భరించగలవారు, ఆయన పేరు విన్నవారు. ఎంత పెద్దదైనా ఒక వైద్యుని ఆవర్జా దేశపు జనాభా లెక్క కాజాలదు.

ఈ సంగతి ఆయనకు తెలియకపోలేదు. 1940లో అరిజోనా రాష్ట్రమంతటా మధుమేహుల లెక్క తీయించి, ఆ రోగం తక్కువని పేరుబడిన చోట్ల కూడా వెదకిన కొలది కనబడునని ప్రకటించినారు. తరువాత 1946, 47 సంవత్సరాలలో ఆయన స్వగ్రామమైన ఆక్స్‌ఫర్డ్‌లోనే అమెరికా ప్రజారోగ్య శాఖ ఒక సర్వే జరిపినది. సుమారు ఐదువేల జనాభాలో 3,516 మందిని పరీక్షించినారు. అంతకు మునుపే మధుమేహం ఉన్నదని తెలిసినవారు 40 మంది. పరీక్షలో కొత్తగా బయటపడినవారు 30 మంది! మధుమేహ వైద్యులలో మేటియైన వాని సొంత ఊరిలోనే నలుగురు తెలిసినవారికి ముగ్గురు తెలియనివారు.

పిల్లల విషయంలో ఇట్టి సర్వే అంతగా పనికిరాదు. వేలమందిని పరీక్షించినా ఒకరిద్దరు దొరుకుట అరుదు. కనుక ఆసుపత్రి రికార్డులే శరణ్యం. ఆ రికార్డుల నుండి తప్పిపోయినవారిని లెక్కకట్టుటకు తరువాతి పరిశోధకులు చెరువులో చేపలను లెక్కించే ఉపాయాన్ని అరువు తెచ్చుకొన్నారు. ఉదాహరణకు ఆసుపత్రి జాబితాలో 40 మంది పిల్లలున్నారనుకొందాము. ఇన్సులిన్ అమ్మే మందుల దుకాణాల జాబితాలో 30 మంది ఉన్నారు. రెండింటా ఉన్నవారు 20 మంది. దుకాణాల జాబితాలోని 30 మందిలో ఆసుపత్రి వల 20 మందినే పట్టినది, అనగా మూడింట రెండు వంతులు. అట్లయితే ఆసుపత్రిలోని 40 మంది మొత్తంలో మూడింట రెండు వంతులు కావలెను, మొత్తం 60. రెండు జాబితాలలో కలిపి కనబడినవారు 50 మందే గనుక, ఎవరి కంటా పడని పిల్లలు పదిమంది. ఒక జాబితాలో చేరుటకూ రెండవదానిలో చేరుటకూ సంబంధం ఉండరాదన్నది నియమం. గణితశాస్త్ర విద్యార్థులకు ఇది మంచి అభ్యాసం.

1990లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అనేక దేశాలలో బాల్య మధుమేహ రిజిస్టర్లను ఒకే తీరున నడిపే ప్రయత్నం ప్రారంభించినది. అందరికంటె ఎక్కువ సంఖ్య ఫిన్లండుది. మద్రాసు నగరంలో 1991 నుండి 1994 వరకు నడచిన రిజిస్టరు ప్రకారం ఏటా లక్షమంది పిల్లలకు 10.5 కొత్త కేసులు. 2006లో భారత వైద్య పరిశోధన మండలి చిన్న వయసు మధుమేహులకు ఒక జాతీయ రిజిస్టరు ఏర్పాటు చేసినది.

ఇక మన మదనపల్లె, పుంగనూరు, కుప్పం సీమను తలచుకొనండి. కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. అక్కడ వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నప్పటికీ, బిడ్డకు జబ్బు చేస్తే కొందరు కోలారుకు పోదురు, కొందరు బెంగుళూరుకు, కొందరు వేలూరుకు. పుంగనూరువారు మదనపల్లెకో తిరుపతికో వత్తురు. ఒకే బిడ్డ మూడు ఆసుపత్రులలో మూడు పేర్లతో నమోదగును. షేక్ ముందు వ్రాసినవారొకరు, వెనుక వ్రాసినవారొకరు. బాషా అని ఒకరు, పాషా అని ఒకరు. ఇంటిపేరు పొడి అక్షరంగా ఒకచోట, తండ్రి పేరుగా ఒకచోట. తెలుగు, ఉర్దూ, కన్నడం, తమిళం, ఇంగ్లీషు లిపుల మధ్య ఒక బిడ్డ ముగ్గురుగా లెక్కకు రావచ్చును. లేదా ముగ్గురు బిడ్డలు ఒక్కరైపోవచ్చును. ఇంటిలో ప్లాస్టిక్ కవరులో దాచిన ఓ.పి. చీటీ పోతే కథ మళ్లీ మొదటికి.

అసలు ఏ ఆసుపత్రికీ చేరని బిడ్డ సంగతి వేరు. పడక తడుపుతున్నాడని దెబ్బలు తిన్నవాడు, కడవెడు నీళ్లు తాగుతున్నాడని నవ్వులపాలైనవాడు, మూత్రానికి చీమలు పట్టినా పెద్దలు పట్టించుకొననివాడు. ఒకనాడు వాంతులై, ఎగశ్వాస పుట్టి, దిష్టి తీసేలోపున కన్నుమూయును. ఊరివారు జ్వరమందురు. మరణ రిజిస్టరు కూడా అదే అనును. అట్టి బిడ్డలు ఎంత ఎక్కువమంది పోతే మన సీమలో బాల్య మధుమేహం అంత తక్కువగా కాగితాల మీద కనబడును.

జాస్లిన్ 1956లో తన సంస్థ నూతన భవనంలోకి మారినారు. అప్పటికి ఎనుబది ఏడు ఏండ్ల వయసు. తొంబది దాటిన తరువాత కూడా రోగులను చూచుట మానలేదు. 1962 జనవరి 28వ తేదీన, 92వ ఏట, తనువు చాలించినారు. 1893లో ఒక పేద యువతి పేరుతో మొదలైన ఆవర్జా అప్పటికి వేలాది పుటలైనది. ఇన్సులిన్‌తో యాబది ఏండ్లు గడిపినవారికి ఆయన సంస్థ 1970 నుండి పతకాలు ఇవ్వసాగినది. వాటిని అందుకొన్న వారిలో పదేండ్లలోపుననే ఈ రోగం పాలైనవారు కూడా ఉన్నారు.